నీలి తొట్టిలో కొరమీను

నూలు ఆఫీసరుగారి మీద కొరమీనును ప్రయోగించాలని సాంబమూర్తి నిశ్చయించుకున్న రోజున తెల్లారుతూనే అన్నీ మంచి శకునాలే కనబడ్డాయి. కుడికన్ను అదిరింది. ఎదురొచ్చిన పిల్లి, ఏమనుకుందో ఏమో, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. రేషను పంచదార డబ్బా అడుగంటిన ఆ రోజుల్లో కాఫీ కూడా తియ్యగానే ఉంది. ఇన్ని మంచి శకునాలు ఒక్కసారే కనబడితే మనిషన్నవాడు కాస్త అనుమానించాలి. సాంబమూర్తి అనుమానించలేదు.

అది 1944వ సంవత్సరం. యుద్ధం ఎక్కడో జరుగుతున్నా దాని దెబ్బ బెజవాడలోని మగ్గాల వీధికి తగిలింది. నూలు మీద కంట్రోలు వచ్చింది. సర్కారు కోటా ఇస్తేనే నూలు, నూలుంటేనే మగ్గం, మగ్గం ఆడితేనే కంచంలో అన్నం. పాత ఆఫీసరు ఏ కోపాన ఉన్నాడో వీధికొచ్చే కోటాను సగానికి కోసేసి, బదిలీ మీద వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి మగ్గం గుంటల్లో కూర్చోవలసిన మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని, జర్మనీవాణ్ణి ఎలా ఓడించాలో ఇంగ్లీషువాడికి సలహాలిస్తున్నారు. ఇద్దరు మాత్రం సలహాలు చాలించి, మూటలు మొయ్యడానికి ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీకి పోయారు. ఆ ఇద్దరి ఇళ్ళ ముందు నుంచి నడవవలసి వచ్చినప్పుడల్లా సాంబమూర్తికి సిగ్గుతో తల వంగిపోయేది. నేతగాళ్ళ సంఘానికి ప్రెసిడెంటు తను. పూర్తి కోటా తెస్తానని అందరి ముందూ అమ్మవారి మీద ఒట్టేసినవాడూ తనే. ఇవాళ పదింటికి కొత్త ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. ఇవాళ తప్పితే దసరాకి వీధిలో ఒక్క మగ్గం చప్పుడు కూడా వినబడదు.

కొత్త ఆఫీసరు వెంకటకృష్ణారావుగారు నిప్పులాంటి మనిషి. లంచం పుచ్చుకోడు, దండ వేయించుకోడు, ఇచ్చిన కాఫీ కూడా తాగడు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, వింతలు. ఇబ్రహీంపట్నంలో దండ పట్టుకొచ్చిన పెద్దమనిషిని ఆపి, "సముద్రంలో ఎనిమిది చేతుల జంతువొకటుంది, దానికి మూడు గుండెకాయలు. మీకు తెలుసా?" అని అడిగాడట. తెలీదన్నందుకు ఆ పెద్దమనిషికి గంటసేపు పాఠం చెప్పి, కోటా సంగతి మరిచిపోయి వెళ్ళిపోయాడట. గుణదలలో ఒక ముసలామె గబ్బిలం తలకిందులుగా వేలాడుతూనే పిల్లని కంటుందని చెబితే, అది తనకి తెలియని సంగతి కనుక అక్కడికక్కడే ఆమె ఇంటి మగ్గానికి పూర్తి నూలు మంజూరు చేశాడని వినికిడి. ఆ మాట చెవినబడ్డ దగ్గర్నుంచి సాంబమూర్తి నిద్రాహారాలు మాని వింత కోసం వెతికాడు. చివరికి ఏలూరు కాలవ రేవులో దొరికింది.

"ఏమే హనుమాయమ్మా, ఒక చేప గాలి పీలుస్తుందని నీకు తెలుసా?" అన్నాడు కాఫీ గ్లాసు కింద పెడుతూ.

"నాకు తెలీదు. మా ఆయన గాలి మేడలు కడతాడని మాత్రం తెలుసు," అంది హనుమాయమ్మ. "ఇంతకీ ఆ చేప ఎక్కడుంది?"

"ఇప్పుడే పోలరాజు పట్టుకొస్తాడు. పదింటిదాకా మన బిందెలో..."

"నా బిందెలోనా! చేపా! ఏడు తరాలుగా నీచు ముట్టని ఇల్లండీ ఇది. ఆ చేప ఈ గుమ్మంలోకి వస్తే నేను ఆ గుమ్మంలోంచి మా పుట్టింటికి పోతాను. ఏది కావాలో తేల్చుకోండి."

సాంబమూర్తి తేల్చుకుని, చేపను సంఘం లోగిలికి తెమ్మని కబురు పెట్టాడు.

పోలరాజు కొల్లేటి వైపు మనిషి. పడవ మీద చేపలు తెచ్చి బెజవాడలో అమ్ముకుంటాడు. తడితువాలులో చుట్టిన కొరమీనును పసిపిల్లను అందించినట్టు సాంబమూర్తి చేతికందించాడు.

"మిగతా చేపల్లాంటిది కాదండి బాబుగారూ ఇది. మూతి పైకెట్టి గాలి మింగుద్దండి. తడిగుడ్డ చుట్టి నీడన పడేస్తే పూటంతా బతికుంటదండి. చేలో నీళ్ళు ఇంకిపోయాయనుకోండి, గట్టెక్కి పాక్కుంటా పక్క చేలోకి ఎల్లిపోద్దండి. నీళ్ళు ఏ పక్కనున్నాయో దీనికి చెప్పక్కర్లేదండి."

సాంబమూర్తి ఈ మాటలన్నీ విన్నాడు గాని, ఆఖరి మాట మాత్రం బుర్రకి ఎక్కించుకోలేదు. చేపను అరుగు మీద నీడలో పెట్టి, ఆఫీసరుగారికి ఎలా చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటూ కూర్చున్నాడు.

బయట గుమ్మం దగ్గర పోలరాజు పెళ్ళాం రత్తమ్మ బతికున్న కొరమీనుల బుట్ట దించుకుని నిలబడింది. నీచు వాసనే ఎరగని వీధిలోకి చేప ఎందుకొచ్చిందని పక్కింటివాళ్ళు అడిగారు. "ఆఫీసరుగారి కోసమంటండి," అంది రత్తమ్మ, ఉన్న మాటే. ఆ ఉన్న మాట పక్కింటికి చేరేసరికి ఆఫీసరుగారికి చేపలంటే ప్రాణమట అయింది. వీధి మధ్యకొచ్చేసరికి చేప ఇచ్చిన ఇంటికే నూలట అయింది. వీధి చివరికి చేరేసరికి చేప ఎంత బరువుంటే కోటా అంతట అని స్థిరపడింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే జనం ఏ కాలంలోనైనా ఉంటారు. ఆ వీధిలో అందరూ వాళ్ళే.

ముందుగా మార్కండేయులు వచ్చాడు. చేపను తోక పట్టుకుని, చెయ్యి ఎంత చాపగలడో అంతా చాపి, మొహం అటు తిప్పుకుని నడుస్తున్నాడు.

"ఇదేంటి బావా?" అన్నాడు సాంబమూర్తి తెల్లబోయి.

"మా ఇంటి తరఫున ఆఫీసరుగారికి. త్వరగా పుచ్చుకో, నన్ను చూస్తోందిది."

సాంబమూర్తి నోరు తెరిచే లోపున చౌడేశ్వరమ్మ వచ్చింది. పద్ధతి తెలిసిన మనిషి కాబట్టి చేపను తాంబూలం పళ్ళెంలో పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి మరీ తెచ్చింది. పక్కన రెండు అరటిపళ్ళు. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక వీధి వీధంతా. గుమ్మంలో రత్తమ్మ బుట్ట ఖాళీ అయిపోతే పోలరాజు పడవ దగ్గరికి పరిగెత్తి ఇంకో బుట్ట తెచ్చాడు. తొమ్మిదయ్యేసరికి సంఘం అరుగు మీద నలభై ఇళ్ళ తరఫున నలభై చేపలు బారులు తీరి పడుకున్నాయి.

"ఓరి నాయనో, కొంప ముంచారు కదర్రా!" అని సాంబమూర్తి నెత్తి బాదుకున్నాడు. "ఆయన శుద్ధ శాకాహారి! అందులోనూ లంచమంటే మండిపడే మనిషి! ఇవి చూశాడంటే ఉన్న సగం కోటా కూడా ఊడుతుంది. దాచెయ్యండి, ముందు దాచెయ్యండి!"

ఎక్కడ దాస్తారు? లోగిలి మధ్య నూలు నానబెట్టే రాతి తొట్టి ఉంది. నానబెట్టేంత నూలు రాక నెల్లాళ్ళుగా అందులో వాననీళ్ళు తప్ప ఏమీ లేవు. చేపలన్నిటినీ అందులో పడేసి పైన తలుపుచెక్క మూశారు. ఏ జన్మలోనూ చేపను ముట్టని చేతులు జిగటైపోయేసరికి, ఎవడో పుణ్యాత్ముడు అరుగు మీద కనబడ్డ తడితువాలు విప్పి శుభ్రంగా తుడుచుకున్నాడు. అందులో ఉన్న కొరమీను అరుగు దిగి, నీళ్ళు ఏ పక్కనున్నాయో చూసుకుని, పాక్కుంటూ బయల్దేరింది.

దానికి దగ్గరలో ఉన్న నీళ్ళు చౌడయ్య నీలి తొట్టివి. చౌడయ్య సంఘానికి రంగులు వేసే ముసలాయన, వరసకి సాంబమూర్తికి మేనమామ. కిందటి యుద్ధంలో జర్మనీ రంగులు రావడం ఆగిపోయినప్పట్నుంచి, తాతలనాటి పద్ధతిలో పాకలో నేలలోకి పాతిన తొట్టిలో నీలిమందూ సున్నమూ తగిరిస గింజలు ఉడకబెట్టిన నీళ్ళూ కలిపి నాలుగు రోజులు పులియబెడతాడు. పండిన తొట్టిలో నీళ్ళు నీలంగా ఉండవు, పసుపుపచ్చగా ఉంటాయి. ముంచి తీసిన నూలు కూడా ముందు పసుపుపచ్చగానే ఉండి, గాలి తగిలేకొద్దీ ఆకుపచ్చగా, ఆ తరవాత నీలంగా మారుతుంది. మగ్గాల వీధిలో ఇది పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అందుకే దీన్ని వింత అని ఎవరికీ తోచలేదు.

పాకలోంచి బుడుంగున చప్పుడైంది. వెంటనే చౌడయ్య కేక వినబడింది.

"ఒరేయ్ అల్లుడూ! నాలుగు రోజుల కష్టంరా! నా తొట్టిలో నీచు పడిందిరా!"

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు జట్కా ఆగింది. పదింటికి వస్తానన్న వెంకటకృష్ణారావుగారు తొమ్మిదిన్నరకే దిగారు. బక్కపలచటి మనిషి, బంగారు ఫ్రేము కళ్ళజోడు, భుజాన ఇస్త్రీ ఉత్తరీయం. లోపలికి అడుగుపెడుతూనే ముక్కు ఎగబీల్చారు.

"ఏమిటండీ ఈ వాసన?"

"రంగు తొట్టి వాసనండి," అన్నాడు సాంబమూర్తి, వాననీళ్ళ తొట్టికి అడ్డంగా నిలబడి.

"వాసనంటే గుర్తొచ్చింది. పట్టుపురుగు రెక్కలొచ్చి చిలకయ్యాక, అందులో మగది ఆడదాని వాసనని మైళ్ళ దూరం నుంచి పసిగట్టగలదు. తెలుసా మీకు?"

"తెలీదండి. చాలా గొప్ప సంగతండి." సాంబమూర్తి చేతులు నులుముకున్నాడు. చేప చేతిలో లేకపోయినా మాటైనా ఉంది కదా అని తెగించాడు. "మా దగ్గరా ఓ వింతుందండి. చేప అయ్యుండీ గాలి పీల్చేదొకటి..."

"కొరమీనేగా?" అన్నారు వెంకటకృష్ణారావుగారు ఆవలిస్తూ. "దానిదేముందండీ, ఎరగనివాడెవడు? ఏదీ, కోటా కాగితాలు తీయండి. నాకు మధ్యాహ్నం ఇంకో ఊరు వెళ్ళాలి."

సాంబమూర్తికి ఉయ్యూరు పోయిన ఇద్దరికీ తోడు ఇంకో పదిమంది మూటలు మోస్తూ కళ్ళ ముందు కనబడ్డారు. వాళ్ళలో ఒకడు అచ్చం తనలాగే ఉన్నాడు. కాగితాల కోసం లోపలికి వెళ్ళబోతుండగా పాకలోంచి మళ్ళీ బుడుంగుమంది.

పోలరాజు చెప్పింది నిజమే. కొరమీనుకి గాలి కావాలి. తొట్టి మీదున్న నురుగును చీల్చుకుని మూతి పైకెట్టి, ఒక్క గుక్క మింగి, మళ్ళీ మునిగింది. ఆఫీసరుగారు కాగితాలు మరిచిపోయి పాకలోకి పరిగెత్తారు.

"ఏమిటది? దేన్ని పెంచుతున్నారు ఇందులో?"

"ఏమీ లేదండి! అబ్బే!" అంటూ సాంబమూర్తి ఆయన్ను దాటుకుని వెళ్ళి, తొట్టిలోకి భుజందాకా చెయ్యి జొనిపి, దొరికినదాన్ని దొరికినట్టు పట్టి పైకి లాగాడు. బయటపడెయ్యాలనే అతని ఉద్దేశం. అయితే కొరమీను పాకలో అందరి మధ్యా, గుమ్మంలోంచి పడుతున్న పొద్దుటి ఎండలో, అతని పిడికిట్లో తన్నుకుంటూ వేలాడింది. ఒళ్ళంతా పసుపుపచ్చగా ఉంది.

ఆఫీసరుగారు చూస్తుండగానే అది లేతాకుపచ్చగా మారింది. లేతాకుపచ్చ ముదిరింది. తల దగ్గర నీలం మొదలై, వీపు మీదుగా తోకదాకా పాకింది. కాస్సేపటికి సాంబమూర్తి చేతిలో ఉన్నది దసరాకి అమ్మవారికి కట్టే పట్టుచీరంత నీలంగా మెరుస్తోంది.

"బాగా పట్టింది," అన్నాడు చౌడయ్య, కోపంలోనూ పనితనం మెచ్చుకోకుండా ఉండలేక.

వెంకటకృష్ణారావుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఊసరవెల్లి రంగు మారుస్తుందని తెలుసు గాని," అన్నారు చేప మీదకి వంగి, "ఇంత నీలం... ఇంత త్వరగా..." అని, హఠాత్తుగా కెవ్వుమన్నారు. "అయ్యో! మీ చెయ్యి!"

సాంబమూర్తి చెయ్యి కూడా గోళ్ళ నుంచి భుజందాకా నీలంగా మారుతోంది.

"విషం! చేప విషం! మీద మీదకి ఎక్కుతోంది! కదలకండి!" ఆఫీసరుగారు తన ఇస్త్రీ ఉత్తరీయం తీసి సాంబమూర్తి భుజానికి బిగించి కట్టేశారు. నాడి పట్టుకున్నారు. "ఎలా ఉంది మీకు? ఏమనిపిస్తోంది?"

"భయంగా ఉందండి."

"భయం! అదే మొదటి లక్షణం. ఎవరక్కడ, జట్కా సిద్ధం చెయ్యండి. ఆస్పత్రికి తీసుకెళ్ళి పెద్ద సూది పొడిపిస్తే గాని లాభం లేదు."

సాంబమూర్తి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది. రంగని చెబితే ఆఫీసరుగారికి వింత పోతుంది, వింతతో నూలు పోతుంది. చెప్పకపోతే సూది. నూలు కోసం సూదైనా పొడిపించుకుందామని పళ్ళు బిగించి నిలబడ్డాడు. ఇంతలో ప్రెసిడెంటుగారు నీలమైపోయారన్న కబురు వీధిలోకి పాకింది. మనిషి నీలమైతే పాము కాటే అని అందరికీ తెలుసు కనుక, హనుమాయమ్మ చెవికి అది నాగుపాముగా చేరింది.

"నన్ను అన్యాయం చేసి పోతున్నారా!" అని గుండెలు బాదుకుంటూ ఆమె లోగిట్లోకి వచ్చి పడింది. మొగుడి చెయ్యి చూసింది. ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"ఇదా!" అంది. "నీలిమందు తొట్టిలో చెయ్యి పెట్టారా? నిన్నగాక మొన్న ఉతికిన చొక్కాతోనా?"

ఆఫీసరుగారు ఆమె వైపు జాలిగా చూశారు. "అమ్మా, ధైర్యంగా ఉండు. ఇది మామూలు నీలం కాదు."

"మామూలు నీలమే బాబుగారూ. మా మామగారి రెండు చేతులూ ఇలాగే ఉండేవి. ఎనభై ఏళ్ళు బతికారు."

ఇక దాచి లాభం లేదని సాంబమూర్తి కూడా చేతులెత్తేశాడు. ఒక చెయ్యి తెలుపు, ఒక చెయ్యి నీలం. "తప్పయిపోయిందండి. ఇది రంగేనండి. చేప ఉత్త కొరమీనేనండి. తొట్టిలో పడిందండి."

"పాపం, తలకెక్కింది," అన్నారు ఆఫీసరుగారు మిగతావాళ్ళతో. అయినా శాస్త్రం చదివిన మనిషి కనుక ఓపికగా వివరించారు. "చూడండి. రంగైతే తొట్టిలోనే నీలంగా ఉండాలి. పసుపుపచ్చ నీళ్ళలోంచి నీలం రంగు ఎలా వస్తుంది? మీరే చెప్పండి."

"గాలి తగిలితే వస్తుందండి," అన్నాడు చౌడయ్య. రుజువు చూపిద్దామని చుట్టలుగా తీసిన నూలు చిలప ఒకటి తొట్టిలో ముంచి తీశాడు. అది పసుపుపచ్చగా వచ్చి, ఆకుపచ్చగా మారి, నీలమైంది.

ఆఫీసరుగారు చప్పట్లు కొట్టారు. "అదీ! చేప దిగాక దాని గుణం నీళ్ళకీ పట్టిందన్నమాట!"

"ముప్ఫై ఏళ్ళుగా ఈ తొట్టి ఇంతేనండి!" అని అరిచాడు చౌడయ్య.

"అయితే ముప్ఫై ఏళ్ళుగా ఇందులో చేప ఉందన్నమాట!"

చౌడయ్య చిలపను దండెం మీద పడేసి చేతులు దులుపుకున్నాడు. హనుమాయమ్మ వదిలే మనిషి కాదు. "కడిగి చూపిస్తే సరిపోతుంది, ఆ చేపనిలా ఇవ్వండి!" అని మొగుడి చేతిలోంచి లాక్కుంది. ఏడు తరాల ఆచారం కోపంలో ఆమెకి గుర్తు రాలేదు. నీళ్ళ కోసం చుట్టూ చూసి, రాతి తొట్టి మీది తలుపుచెక్క ఎత్తింది.

"వద్దే!" అని సాంబమూర్తి అరిచాడు. అప్పటికే ఎత్తేసింది. వాననీళ్ళలో కిక్కిరిసిన నలభై చేపలు, ఒకదానికి పసుపూ బొట్టూ ఉండగా, తలలెత్తి ఆఫీసరుగారిని చూశాయి.

సాంబమూర్తి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. లంచం అన్న మాట కోసం ఎదురుచూశాడు. నూలూ పోయింది, పరువూ పోయింది, అమ్మవారి మీద వేసిన ఒట్టూ పోయింది. తనకిక ఉయ్యూరు దారే గతి అనుకుంటే ఏడుపు ముంచుకొచ్చింది.

"వీటికి రంగు మారలేదే," అన్నారు ఆఫీసరుగారు నెమ్మదిగా.

"లేదండి," అన్నాడు సాంబమూర్తి కళ్ళు తెరవకుండానే.

"అంటే మామూలు నీళ్ళలో ఇన్ని ఉంచి, ఆ నీళ్ళలో ఒక్కదాన్ని ఉంచి, రెంటినీ పోల్చి చూస్తున్నారు! ఒకదానికి గుర్తు కోసం బొట్టు కూడా పెట్టారు!" ఆయన ఉన్నపళంగా సాంబమూర్తిని కౌగిలించుకున్నారు. ఆయన తెల్ల చొక్కా వీపు మీద సాంబమూర్తి అయిదు వేళ్ళూ నీలంగా పడ్డాయి. "ప్రయోగమంటే ఇలా చెయ్యాలండీ! కాలేజీల్లో కూడా ఇంత శ్రద్ధ చూడలేదు. నూలు లేక అల్లాడుతూ కూడా మీరు శాస్త్రాన్ని వదల్లేదు. ఏవీ ఆ కాగితాలు?"

ఆయన అక్కడే నిలబడి పూర్తి కోటా మంజూరు చేశారు. మగ్గాలు ఆగితే రంగు తొట్టి ఆగుతుంది, తొట్టి ఆగితే ఆ అపురూపమైన చేప జాతి అంతరించిపోతుంది, కనుక ఈ వీధికి నూలు ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గించరాదని కింద తన చేత్తో ఒక ముక్క కూడా రాశారు. జట్కా ఎక్కబోతూ వెనక్కి తిరిగి, వచ్చే నెల మద్రాసు నుంచి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొస్తాననీ, ఆ తరవాత నెల ఇంకొకరిని తెస్తాననీ, చేపను జాగ్రత్తగా చూసుకోమనీ చెప్పారు.

ఆయన వెళ్ళాక పోలరాజు ఆ కొరమీనును తీసుకెళ్ళి, నలభై చేపలతో సహా ఏలూరు కాలవలో వదిలాడు. సాంబమూర్తి మంజూరు కాగితం పట్టుకుని, తలెత్తుకుని, ఉయ్యూరు పోయిన ఇద్దరి ఇళ్ళకీ స్వయంగా వెళ్ళి, వాళ్ళని రమ్మని కబురు చెప్పొచ్చాడు. అంత సంతోషం అతనికి పెళ్ళిలో కూడా కలగలేదు, ఆ మాట హనుమాయమ్మతో అనలేదు గాని. దసరాకి వీధిలో మగ్గాలన్నీ ఆడాయి.

నూలు మీద కంట్రోలు ఎత్తేసేదాకా చౌడయ్య నలభై మగ్గాల నూలుకీ, నెలకొక కొరమీనుకీ క్రమం తప్పకుండా రంగు వేస్తూ వచ్చాడు. రంగు వెలిసిందని ఒక్క చేప కూడా ఫిర్యాదు చెయ్యలేదు.